పక్క దేశం పట్టిక

మా గణాంకాల ఆఫీసులో ఒకరు అంకెలు చదివితే ఇంకొకరు టిక్కు పెట్టాలి. ఆ రోజు పక్క దేశం అప్పుల పట్టిక నేను చదువుతున్నాను. మేమంతా బాబాయ్ అని పిలిచే పెద్దగుమాస్తా దాన్ని మన పట్టికతో పోలుస్తున్నారు. ఎక్కడ తేడా ఉందో రాసుకోవడమే మా పని.

ఒక్క తేడా కూడా రాలేదు. ఆదాయం, వడ్డీ, అప్పు, జనాభా, చివరికి దశాంశాలతో సహా అన్నిటికీ టిక్కులే.

"బుర్ర ఎక్కడ పెట్టావమ్మా? మన కాగితమే చదువుతున్నావు!"

"నా బుర్ర నా దగ్గరే ఉంది బాబాయ్. ఇదిగో, వాళ్ళ ముద్ర!" అని కాగితం ఆయన మొహం ముందు పెట్టాను.

ఆయన ముద్రను వేలితో తడిమి చూశారు. తర్వాత నవ్వేశారు. "అయితే వాళ్ళ వచ్చే ఏడాది అంచనాలు కూడా చదివెయ్. మనవి లెక్కకట్టే పీడ వదులుతుంది," అంటూ మన ఖాళీ ఫారం బల్ల మీద పరిచారు.

"అప్పు, సున్నా," అన్నాను.

"బతికించావు తల్లీ! మరి జనాభా?"

ఆ గడిలోనూ సున్నాయే ఉంది. పైకి చదవకుండా దాన్ని వేలితో మూసేశాను.

అయినా ఎదురుగా ఫారం మీద పెన్సిలు టిక్కు పెట్టిన చప్పుడైంది. తలెత్తి చూశాను. బాబాయ్ రెండు చేతులతో కళ్ళద్దాలు తుడుచుకుంటున్నారు.