ఐదో ఇంట్లో దాచుకున్న మాట

తొమ్మిదేళ్లు వచ్చేసరికి నేను నలుగురిని "అమ్మా" అని పిలిచాను. పిలిచిన నెల తిరక్కుండానే నన్ను ఇంకో ఇంటికి మార్చడానికి శిశు సంక్షేమ శాఖ జీపు వచ్చి గుమ్మం ముందు ఆగేది. ఒక ఇంట్లో సొంత బిడ్డ పుట్టబోతోందన్నారు, ఒక ఇంట్లో బదిలీ అన్నారు, మిగతా రెండిళ్లలో కారణం చెప్పే ఓపిక కూడా ఎవరికీ లేకపోయింది. సరే, నేనే కనిపెట్టాను. ఆ మాట అంటే జీపు వస్తుంది.

ఐదో ఇల్లు బట్టలు కుట్టే ఆవిడది. పొద్దంతా మిషను చప్పుడు, ఇస్త్రీ ఆవిరి, కిటికీ వెలుగులో తేలే నూలు పోగులు. మిషను పక్కన గుడ్డముక్కల కుప్ప మీద పడుకుంటే ఇల్లే మెల్లగా ఎటో పోతున్నట్టుండేది. నేను మాత్రం ఎక్కడా దిగక్కర్లేదు. అక్కడే ఉండిపోవాలని ప్రాణం కొట్టుకునేది.

అందుకే నోటికి తాళం వేసుకున్నాను. "ఇదుగో, దారం", "ఇదుగో, కత్తెర" అనేదాన్ని. బడిలో చదివే పాఠంలో ఆ మాట వస్తే దగ్గేసేదాన్ని.

"నేనేమన్నా గోడనా, ఇదుగో ఇదుగో అంటావు? నోరారా ఏదో ఒకటి పిలవ్వే!" అంటూ ఆవిడ నవ్వుతూ నా జడ లాగేది. మాట నాలుక చివరిదాకా వచ్చేది. మింగేసేదాన్ని.

ఆర్నెల్లకి ఆ శాఖ ఆఫీసరమ్మ ఫైలు పట్టుకొచ్చింది. కూర్చోకుండానే అడిగింది.

"ఈవిణ్ణి ఏమని పిలుస్తావు?"

పెదాలు బిగించాను.

"చెప్పవే తల్లీ," అంది ఆవిడ. మిషను ఆపేసి నా చెయ్యి పట్టుకుంది.

"ఏమనీ పిలవదా?"

"పిలవదండీ. కానీ నా పక్కనుంచి కదలదు."

"దానికి ఈ ఫారంలో గడి లేదండీ."

'అనుబంధం ఏర్పడలేదు. వేరే ఇంటికి మార్చవలెను' అని రాసుకుంది. ఎందుకు పిలవవని నన్నొక్క మాట అడిగి ఉండొచ్చు కదా! ఇప్పటికీ తలుచుకుంటే ఒళ్లు మండుతుంది.

వారంలో జీపు వచ్చింది. ఆవిడ సగం కుట్టిన నా గౌను పట్టుకుని గుమ్మంలో నిలబడింది, సూది ఇంకా దానికే వేలాడుతోంది. జీపు కదిలింది. గుమ్మం, గౌను, ఆవిడ అన్నీ మెల్లగా వెనక్కి జారిపోతున్నాయి. రావలసిన జీపు వచ్చేశాక ఇంక దాచుకుని ఏం లాభం? మూసిన అద్దానికి మొహం ఆనించి, గొంతు చించుకుని అరిచాను.

"అమ్మా!"

ముందు సీట్లోంచి ఆఫీసరమ్మ వెనక్కి తిరిగింది.

"ఏంటమ్మా, ఏం కావాలి?"