వాగు దగ్గర తడిపిన గంప

ఆ ఏడు రజబ్ నెల మూడో నాటి మధ్యాహ్నం బరావు జొన్నముద్ద, కూకా ఆకు పులుసు తిన్నాడు. భార్య కాండే పోయినప్పటి నుంచీ ఏదో ఒక ఇంటి నుంచి గిన్నె వస్తూనే ఉంది. ఎవరు పంపారో ఎవరూ చెప్పరు.

కానో నగరం పడమటి ద్వారానికి నాలుగు తరాలుగా అతని వంశమే కాపలా. ఆ సాయంత్రం తలుపు వేసి గడియ పెట్టగానే బయట కేకలు వినిపించాయి. గోడెక్కి చూస్తే ఇరవై మంది, గాడిదల మీద నమిలే కోలా కాయల గంపలు. వాళ్ల వెనక, దూరాన, ఊళ్లు దోచే కొండ దండు గుర్రాలు లేపే దుమ్ము.

"తీయొద్దు బాబాయ్!" అన్నాడు విలుకాళ్ల నాయకుడు గంబో. "పోయిన నెల పక్క ఊళ్లో ఇలాగే వర్తకుల వేషంలో దూరి ఊరంతా తగలబెట్టారు."

"నిజం వర్తకులైతేనో?"

"వాళ్ల రాత."

బరావుకు మింగుడు పడలేదు. గోడ ఎంత ఎత్తున్నా గోడకు గింజలు కాయవు. నీలిమందు గుడ్డలు బయటికీ, కోలా లోపలికీ నడిచినన్నాళ్లే ఆ విలుకాళ్లకు బాణాలూ, గుర్రాలకు మేతా. ఈ గుమ్మం ముందు ఒక్క బిడారు తెగిపడితే వచ్చే ఏడాది గాడిదలన్నీ పోటీ నగరం కత్సీనా దారి పడతాయి.

తాడు కిందికి వదిలాడు. "ఒక గంప కట్టండి!"

పైకి లాగి అడుగు దాకా చెయ్యి పెట్టాడు. కాండే ముప్ఫై ఏళ్లు కోలా అమ్మింది; కాయ ఎండకుండా గంప అడుగు దాకా తడి ఆకులు పరిచేది. వేషగాళ్లయితే పైనొక పచ్చాకు కప్పి ఊరుకుంటారని అతనికి తెలుసు. ఈ గంపలో అట్టడుగు ఆకు కూడా నీళ్లోడుతోంది.

"ఎప్పుడు తడిపారివి?"

"ఇందాకే, వాగు దగ్గర," అని అరిచాడు బిడారు పెద్ద షెకరావు.

"దండు తరుముతుంటేనా?"

"కిందటిసారి తడిపి నాలుగో రోజు మరి! కాయ తిరగేసి ఆకు తడపకపోతే ఎండిపోదూ? నేను చస్తే మా ఆవిడొక్కతే ఏడుస్తుంది. ఎండు కాయ తెస్తే కానో ఊరంతా నవ్వుతుంది. తలుపు తీస్తావా, నా గంప నాకిస్తావా?"

గంబో పగలబడి నవ్వాడు. "ఇంత పొగరు దొంగలకెక్కడిది? తీయ్ బాబాయ్!"

చివరి గాడిద తోక లోపలికి రాగానే గడియ పడింది. గోడ మీద వరసగా వంగిన విల్లులు చూసి దండు వచ్చిన దారినే మళ్లింది.

షెకరావు ఎర్రటి కాయ ఒకటి బరావు చేతిలో పెట్టాడు. కొరికితే కరకరలాడింది. ఇలాంటి కాయ కోసం ఇలాంటి మనుషులు వెతుక్కుంటూ వచ్చే ఊరు తనది. గర్వంతో గుండె నిండిపోయింది.

ద్వారం పక్కనే ఉన్న తన గది గుమ్మంలో మూతపెట్టిన గిన్నె ఉంది. ఇంకా వేడిగానే ఉంది. బరావు దాన్ని లోపలికి తీసుకుని, చప్పుడు కాకుండా తలుపు వేసుకున్నాడు.