పసుపుతల్లి విగ్గు

నేను ఒక విగ్గును. సవరం అనకండి, నాకు ఒళ్లు మండుతుంది. సవరం ఎవరి జడకో తోడు పోయేది. నేను తల మొత్తాన్ని ఏలినదాన్ని. సాయంత్రం ఏడు గంటలకు టీవీలో నేను కనబడగానే లేచి నిలబడి దణ్ణం పెట్టుకున్నవాళ్లు ఒకప్పుడు ఇంటికొకరు ఉండేవారు. ఇప్పుడు నా బతుకు ఇలా అయింది. వెంట్రుకలు తీసుకుని స్టీలు గిన్నెలిచ్చే సుంకులమ్మ గోనెసంచిలో, దువ్వెనకు చిక్కి ఊడిన జుట్టు ఉండల మధ్య పడి ఉన్నాను. నేను అమ్మవారి తల మీద ఉండేదాన్నంటే ఈ ఉండలు నమ్మడం లేదు. మీరైనా వింటారని చెబుతున్నాను.

నా పుట్టుకకు పేరు పెట్టడానికి లేదు. కొండ మీద మొక్కు తీర్చుకున్న ముగ్గురు ఆడవాళ్ల తలనీలాలు నాలో ఉన్నాయి. అందం మీద మమకారం వదులుకుంటున్నామని వాళ్లు దేవుడికి ఇచ్చేసి చేతులు దులుపుకున్నారు. వేలంపాటలో కొన్నవాళ్లు తిన్నగా అందం అమ్మే చోటికే తీసుకుపోయారు. హైదరాబాదు కృష్ణానగర్‌లో ఒక ఇరుకు గదిలో మస్తాన్ అనే ఆయన సన్నటి వల మీద ఒక్కో వెంట్రుకే ముడేసి నన్ను కుట్టాడు. పొడవు పెద్ద మనిషికి పిరుదులు దాటేంత. కొలత మాత్రం ఎనిమిదేళ్ల పిల్ల తలకు. ఇంత చిన్న తల మీద ఇంత బరువు పెడతారా అని ఆయన అడగనైతే అడిగాడు కానీ కుట్టడం ఆపలేదు.

ఆ తల తన్మయిది. 'పసుపుతల్లి' అనే సీరియల్‌లో అమ్మవారు చిన్నపిల్ల రూపంలో ఊళ్లోకి వచ్చి మంచివాళ్లను కాపాడి చెడ్డవాళ్ల అంతు చూస్తుంటుంది. ఆ వేషానికి చాలామంది పిల్లల్ని చూశారట. కోపంగా చూడమ్మా అంటే మిగతా పిల్లలు పళ్లు కొరికారు. తన్మయి మాత్రం తల కొంచెం వంచి కళ్లెత్తి చూసింది. దర్శకుడు కుర్చీలోంచి లేచాడు. ఆ చూపు ఎక్కడ నేర్చుకున్నావంటే, అన్నం వదిలేస్తే మా అమ్మ ఇలాగే చూస్తుందని చెప్పింది.

ఆ అమ్మ పేరు విజయభారతి. రేపల్లె నుంచి వచ్చిన మనిషి, నోరు పెద్దది, చెయ్యి అంతకంటే చురుకు. భర్త పూర్ణచంద్రరావు కొరియర్ ఆఫీసులో పని మానేసి కూతురి డేట్లు చూసుకోవడం మొదలుపెట్టాడు. మొదటిరోజు నుదుటి మీద గమ్ రాసి నన్ను అంటిస్తుంటే చురుక్కుమని పిల్ల తల విదిలించింది. "కదిలావంటే వీపు చీరేస్తానే తన్మయీ! కాసేపు కుదురుగా కూర్చుంటే నీ సొమ్మేం పోయింది?" అంటూ విజయభారతి అరిచింది. అరుస్తూనే కొంగుతో పిల్ల మెడ మీద చెమట తుడిచింది. పెరుగన్నం ముద్దలు చేసి, పెదాల రంగు చెడకుండా నోట్లో పెట్టింది. ఆ చేతి వాసన నాకు అప్పుడే అలవాటైంది. ఆ తల్లీకూతుళ్లను చూస్తే నాకు ముచ్చటేసేది.

సీరియల్ ఆడింది, మామూలుగా కాదు. షూటింగ్ జరిగే ఇంటి గేటు దగ్గర జనం కొబ్బరికాయలు పట్టుకుని నిలబడేవారు. నగల దుకాణం తెరిచినా, కొత్త సినిమా హాలు తెరిచినా మమ్మల్ని పిలిచేవారు. ముసలివాళ్లు వంగి పిల్ల పాదాలు తాకేవారు. పాపం ఆ పిల్లకి చక్కిలిగింత. నవ్వితే అమ్మవారి నవ్వు అనేవారు, విసుక్కుంటే అమ్మవారి ఆగ్రహం అనేవారు. దాహం వేసి నీళ్లడిగితే అందులోనూ ఏదో సూచన వెతికినవాళ్లున్నారు.

ఒకరోజు మెదక్ వైపు నుంచి ఒక అవ్వ మనవణ్ణి భుజాన వేసుకుని వచ్చింది. "తల్లీ, మా పోరడు లేస్తలేడు. జరమొచ్చి కండ్లు తెరుస్తలేడు. నువ్వే దిక్కు" అంటూ పిల్లవాణ్ణి తన్మయి కాళ్ల దగ్గర పడుకోబెట్టింది. తన్మయి బిస్కెట్ నములుతోంది. అవ్వ ఏడుపు చూసి జాలిపడి, "ఏడవకు అవ్వా, తగ్గిపోతుందిలే" అంది. పిల్లలెవరైనా అనేమాటే కదా. ఆ అబ్బాయిని అవ్వ ఆస్పత్రికి కూడా తీసుకెళ్లిందనీ, మందులు వాడిందనీ తరవాత తెలిసింది కానీ ఆ సంగతి ఎవరికీ పట్టలేదు. కొన్నాళ్లకు ఆమె ఒడిబియ్యం, జాకెట్టు గుడ్డ, పసుపుకుంకుమ పట్టుకుని, తిరిగి నడుస్తున్న మనవడితో సెట్టుకొచ్చింది. లైట్లు పట్టుకున్నవాళ్లు కూడా చెప్పులు విప్పేశారు.

నేను ఆ వేళ విజయభారతి ముఖం చూశాను. చెంగు భుజం చుట్టూ కప్పుకుని, కూతురికి ఎదురుగా చేతులు జోడించి నిలబడింది. ఇంటికెళ్లేటప్పుడు కారులో రోజూలా పిల్లను ఒళ్లోకి లాక్కోలేదని తన్మయి తరవాత నాతో చెప్పింది. పక్కన చోటు వదిలి కూర్చుందట.

ఆ తరవాత ఆమె నోట తిట్లు తగ్గిపోయాయి. దానికి సంతోషించాల్సిన పిల్ల దిగులు పెట్టుకుంది. ఒకరోజు మేకప్ గదిలో కావాలనే పాల గ్లాసు చీర మీద ఒంపుకుని తల్లి వైపు చూసింది. పట్టుచీర, పైగా అద్దెది. విజయభారతి మాట్లాడకుండా వంగి తుడిచి, తుడిచిన చేతిని కళ్లకద్దుకుంది. నా కింద ఆ చిన్న తల వణకడం నాకు తెలిసింది. ఒక్క తిట్టు కోసం ఆ పిల్ల ఎదురుచూసిందని ఆ గదిలో తెలిసింది నాకొక్కదానికే.

పిల్లలు ఎదుగుతారు, విగ్గులు ఎదగవు. వెనకాల కుట్లు విప్పి నన్ను కొంచెం కొంచెం వదులు చేస్తూ వచ్చారు. తన్మయికి పన్నెండు నిండాక, నవరాత్రుల ప్రత్యేక భాగాలు తీస్తున్న రోజుల్లో, పొద్దున్నే మేకప్ గదిలో పిల్ల పెద్దమనిషి అయింది. మామూలు ఇంట్లో అయితే ఏం జరుగుతుందో మీకు తెలుసు. చాప వేసి ఒక మూల కూర్చోబెడతారు, చిమ్మిలి దంచి పెడతారు, మేనత్తలూ మేనమామలూ దిగుతారు, ఓణీ వేసి ఊరంతా పిలిచి హారతిస్తారు. ఇక్కడ బయట సింహాసనం, వరసగా వెలిగించిన దీపాలు, కుంకుమ కుప్పలు సిద్ధంగా ఉన్నాయి.

"వదినా, ఇయ్యాళ వద్దని చెప్పండి. కడుపునొప్పి అనండి, సరిపోతుంది" అని హెయిర్‌డ్రెస్సర్ సరళ గుసగుసలాడింది.

పూర్ణచంద్రరావు తలుపు సందులోంచి తొంగిచూశాడు. "పెద్దదైందని తెలిస్తే రేపే ఇంకో పిల్లని తెచ్చుకుంటారు. నోరు మెదపకండి. భారతీ, తీసుకురా" అన్నాడు.

విజయభారతి కూతురి చెయ్యి పట్టుకుని తీసుకెళ్లి దీపాల మధ్య సింహాసనం మీద కూర్చోబెట్టింది. నొప్పికి పిల్ల కళ్లలో నీళ్లు తిరిగాయి. అమ్మవారి కరుణ ఎంత బాగా చూపించిందో అని దర్శకుడు మెచ్చుకున్నాడు. ఆ వేళ విజయభారతి పచ్చి మంచినీళ్లు కూడా ముట్టలేదు.

నెల తిరక్కుండా పూర్ణచంద్రరావు స్కూటర్ మీద వెళ్తూ లారీ కింద పడి చనిపోయాడు. లారీ బ్రేకులు పడలేదని పోలీసులు రాసుకున్నారు. విజయభారతికి మాత్రం లెక్క వేరేగా తేలింది. మైలతో పిల్లను అమ్మవారి పీఠం ఎక్కించాను, అందుకే ఆ తల్లి నా పసుపుకుంకుమ తీసుకుపోయిందని నమ్మింది. మనుషులు తమ తప్పును ఎంత పెద్దది చేసుకోగలరో, చెయ్యని తప్పుకు కూడా ఎంతకాలం భయపడగలరో నేను ఆ ఇంట్లోనే చూశాను. ఇంతలో కెమెరావాళ్లు పిల్ల పొడవైపోయిందన్నారు. చిన్న పిల్ల ఒకతె కొత్త విగ్గుతో వచ్చి మా సింహాసనంలో కూర్చుంది. టీవీ చూసేవాళ్లు ఒక్కరోజు కూడా దణ్ణం పెట్టడం మానలేదు.

ఆఖరి రోజు విజయభారతి మేనేజర్ దగ్గరికి వెళ్లి నన్ను ఇమ్మని అడిగింది. "పాతదే కద, తీస్కపొండమ్మా" అన్నాడతను. ఆమె నన్ను కొంగులో చుట్టుకుని యూసఫ్‌గూడలో వాళ్ల అద్దె ఇంటికి తీసుకెళ్లి దేవుడి గూట్లో, లక్ష్మీదేవి పటం పక్కన పెట్టింది. రోజూ కుంకుమబొట్టు, పువ్వు, అగరుధూపం. గర్వపడ్డానని ఒప్పుకుంటాను. ఆ గర్వం ఎన్నాళ్లో నిలవలేదు.

ఎందుకంటే ఆ గూట్లోంచి ఇల్లంతా కనబడేది. కూతురు గదిలోకి వస్తే తల్లి లేచి నిలబడేది. పిల్ల తినకముందు తినేది కాదు. పని ముట్టుకోనిచ్చేది కాదు. ఒంటి మీద చెయ్యి వేసేది కాదు. తల దువ్వడం మానేసింది. అన్నిటికంటే చిత్రం, పేరు పెట్టి పిలవడం మానేసింది. "తల్లీ, భోంచేస్తావా", "అమ్మా, బయటికెళ్తున్నావా" అనేది. ఆ పిలుపులో ముద్దు లేదు, భయం ఉంది. తన్మయి ఓణీల వేడుక ఎప్పటికీ జరగలేదు. ఆ ప్రస్తావన తెస్తే అమ్మవారు మళ్లీ గుర్తుచేసుకుంటుందని విజయభారతి బెదురు.

బడిలో తోటిపిల్లలు పరీక్షల ముందు తన్మయికి దణ్ణాలు పెట్టారు, ఆటలకు మాత్రం పిలవలేదు. కాలేజీకి వచ్చేసరికి ఎవరికీ గుర్తు లేదు. చదువయ్యాక రక్తపరీక్షలు చేసే ల్యాబ్‌లో టోకెన్లిచ్చే ఉద్యోగంలో చేరింది. ఇవన్నీ తనే నాతో చెప్పింది. తల్లి గుడికెళ్లినప్పుడు గూటి ముందు కాళ్లు చాపుకుని కూర్చుని నాతో మాట్లాడేది. వేరే ఎవరున్నారు తనకు?

"నేను పసుపుతల్లిని అని ఇవాళ మా ల్యాబ్‌లో చెప్పా. పక్క కౌంటర్‌లో పిల్ల నన్ను ఎగాదిగా చూసి, అవునా, ఆ జుట్టు భలే ఉండేదక్కా అంది" అని ఒకసారి నవ్వింది. మళ్లీ తనే, "మా అమ్మ నాకన్నా నిన్నే ఎక్కువ ముట్టుకుంటుంది. నీకు తెలుసా?" అంది. నాకు తెలుసు. చెప్పడానికి నోరు లేదు.

మొన్న వానాకాలంలో తన్మయికి జ్వరం పట్టుకుంది. విజయభారతి మాత్రలూ వేన్నీళ్లూ తెచ్చి గడప దగ్గర పెట్టి దూరంగా నిలబడింది.

"అమ్మా, ఒకసారి నుదురు మీద చెయ్యి పెట్టవే" అని తన్మయి అడిగింది.

విజయభారతి రెండడుగులు ముందుకేసింది. చెయ్యి పైకి లేచింది కూడా. అది అక్కడే ఆగిపోయింది. గిరుక్కున తిరిగి వచ్చి నా ముందు మోకాళ్ల మీద పడింది. "తల్లీ, తప్పు చేసింది నేను. నన్ను తీసుకుపో. నా బిడ్డ జోలికి పోకు" అని తల బాదుకుంది. నేను వల గుడ్డనీ, ముగ్గురు ఆడవాళ్ల వెంట్రుకలనీ. ఎవరినీ తీసుకుపోయే శక్తి నాకెక్కడిది? నీ బిడ్డ వెనకాలే ఉంది, వెళ్లి ముట్టుకో అని అరవాలనిపించింది. ఆ గూట్లో అంత ఒంటరితనం నేను అంతకుముందు ఎరగను. తన్మయి గోడవైపు తిరిగి పడుకుంది.

జ్వరం తగ్గిన తరవాత వచ్చిన ఆదివారం తల్లి కూరగాయలకు వెళ్లింది. తన్మయి వచ్చి గూటి ముందు నిలబడింది. ఈసారి కూర్చోలేదు. పువ్వు పక్కన పెట్టి నన్ను తీసింది. పెట్టుకుంటుంది కాబోలనుకుని మురిసిపోయాను. నేరుగా వంటింట్లోకి నడిచింది. సింకులో పాలు మాడి అడుగంటిన గిన్నె ఉంది. నన్ను ఉండలా చుట్టి, గిన్నెలు తోమే సబ్బు అద్ది, బలమంతా పెట్టి ఆ మాడు రుద్దడం మొదలుపెట్టింది. నా కుంకుమ కారిపోయింది. ముడులు తెగాయి. నా మీద కసితో కాదు, పిల్ల ముఖం చూస్తే తెలిసింది. పెదవి కొరుక్కుని, ఏడుస్తూ, తోముతూనే ఉంది.

తలుపు చప్పుడైంది. విజయభారతి చేతిలో సంచీ జారి టమాటాలు నేల మీద దొర్లాయి.

"ఏంటే నువ్వు చేసే పని! కళ్లు నెత్తికెక్కాయా? దేవుడి గూట్లోది తెచ్చి అంట్లు తోముతావా? పిచ్చిగానీ పట్టిందా నీకు?" అంటూ ఒక్క అంగలో వచ్చి కూతురి వీపు మీద ఫెడీమని చరిచింది.

ఆ చప్పుడుకు ఇద్దరూ బిగుసుకుపోయారు. విజయభారతి తన అరచెయ్యి చూసుకుంది. ముఖం పాలిపోయింది. రెండు చేతులూ జోడించబోయింది. తన్మయి ఆ చేతుల్ని జోడించనివ్వలేదు. సబ్బు చేత్తోనే తల్లి మణికట్టు పట్టుకుంది.

"ఇంకొకటి వెయ్యమ్మా" అంది.

విజయభారతి కూతురి ముఖంలోకి చూసింది. అంత దగ్గరగా చూసి ఎన్నేళ్లయిందో! తన మణికట్టు మీదున్న ఆ చెయ్యి చల్లగా ఉన్నట్టు అప్పుడు తెలిసింది కాబోలు, ఉలిక్కిపడింది.

"జ్వరం తగ్గీ తగ్గకముందే చన్నీళ్లలో చేతులు పెట్టావేంటే, తన్మయీ?"

అంటూనే కొంగుతో ఆ చేతులు తుడిచింది. ఆ తుడుపులో గిన్నె మసి అంటిన తన అరచెయ్యి ఎత్తి కూతురి నుదుటి మీద ఆనించి, అలాగే ఉంచేసింది. తన్మయి కళ్లు మూసుకుంది. నుదుటి మీద నన్ను అంటించే చోట నల్లటి మరక పడింది. దాన్ని తుడవాలని ఇద్దరిలో ఎవరికీ తోచలేదు. సుంకులమ్మ వీధిలో కేకేసేదాకా, సింకులో సబ్బు నురగలో పడున్న నా వైపు ఒక్కరూ చూడలేదు.