స్టవ్వు మీది బొగ్గు ఫిల్టరు

నాకు ముక్కు మీద కోపం. మా ఆవిడకు ముక్కులోనే వంటంతా. ఈ రెండు ముక్కులూ ముప్పై ఎనిమిదేళ్ళుగా ఒకే ఇంట్లో సర్దుకుపోతున్నాయి.

ఆవిడ ఓ ఆసుపత్రి క్యాంటీనులో ఇరవై ఆరేళ్ళు వంట చేసింది. రోజుకు నాలుగు వందల మంది తినేవాళ్ళు. అంతమందికి వండుతూ ఏనాడూ గరిటెతో తీసి రుచి చూసింది లేదు. మూత తీస్తుంది, ఒక్కసారి గాలి పీలుస్తుంది, "దించండి" అంటుంది. "ఇంకో రెండు నిమిషాలు" అందంటే రెండు నిమిషాలే, మూడోది ఉండదు. కింద పనిచేసేవాళ్ళు ఆవిడకు గడియారం అక్క అని పేరు పెట్టారు. ముందు చాటుగా అనేవాళ్ళు, తర్వాత ముఖం మీదే అనేవాళ్ళు. ఆవిడా పలికేది.

నేను లిఫ్టుల మెకానిక్కుని. ముప్పై ఒక్క ఏళ్ళు ఊళ్ళో జనాన్ని పైకీ కిందికీ తిప్పి, ఇప్పుడు మూడో అంతస్తులో కొడుకూ కోడలితో కలిసి కూర్చున్నాను. మా వంటగదికి కిటికీ లేదు. స్టవ్వు పైన గోడకు బిగించిన మైక్రోవేవే పొగకు దిక్కు. దాని అడుగున జిడ్డు పట్టే జల్లెడలు ఉంటాయి, లోపల ఫ్యాను ఉంటుంది. ఫ్యాను లాగిన పొగ బయటికి పోయే దారి లేదు గనక, పైనున్న బొగ్గు ఫిల్టరులోంచి దూరి, వాసనంతా అక్కడ వదిలేసి, ముందున్న జాలీలోంచి మళ్ళీ గదిలోకే వస్తుంది. జిడ్డు జల్లెడల్ని కడుక్కోవచ్చు. బొగ్గు ఫిల్టరును కడగకూడదు, ఆరు నెలలకోసారి మార్చాలి. మార్చేది నేనే. ఇంట్లో స్క్రూడ్రైవరు ముట్టుకునే హక్కు ఇంకెవరికీ ఇవ్వలేదు.

నాలుగు నెలల క్రితం ఇంట్లో మాడు వాసన మొదలైంది. మొదట్లో మా ఆవిడ హాల్లోంచి పరుగెత్తుకెళ్ళి మంట తగ్గించేది. చూస్తే ఏమీ మాడలేదు. రెండు రోజులు అలా పరుగెత్తాక తన ముక్కు మీద తనకే నమ్మకం పోయింది. ఒకరోజు తొందరపడి దించితే అన్నం పలుకుగా ఉండిపోయింది. మర్నాడు ఆగి చూద్దామనుకుంటే ఉల్లిపాయలు బొగ్గులయ్యాయి. మా అబ్బాయి "అమ్మా, ఈ మధ్య..." అని మొదలుపెట్టి మిగతాది ముద్దతో పాటు మింగేశాడు. ఆ వారంలోనే ఆవిడ గరిటెలో కూర తీసుకుని ఊదుకుని నాలిక మీద వేసుకోవడం చూశాను. పెళ్ళయ్యాక అదే మొదటిసారి చూడటం.

చూసి నేనేమన్నాను? "నువ్వు రిటైరయ్యావు, నీ ముక్కు మాత్రం ఎన్నాళ్ళు ఉద్యోగం చేస్తుంది?" అన్నాను. నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు.

ఇలా నాలుగు నెలలు కావస్తుండగా ఆవిడ చెల్లెలు, అంటే మా మరదలు, బస్సు డిపో ఎదురుగా చిన్న భోజనశాల తెరవడానికి సిద్ధమైంది. బల్లలొచ్చాయి, కుర్చీలొచ్చాయి, పెద్ద పొయ్యిలొచ్చాయి. "అక్కా, వంట నీ చేతుల్లో పెడతాను. నువ్వు రానంటే వేరే వంటమనిషికి మాటివ్వాలి. బుధవారం నాలుగింటికి ఫోన్ చేస్తాను, ఏదో ఒకటి చెప్పెయ్" అంది. ఈ కబురు కోసం మా ఆవిడ మూడేళ్ళుగా ఎదురుచూస్తోందని నాకు తెలుసు. ఎన్నోసార్లు నిద్రలో కూడా "దించండి" అంది మరి. కానీ బుధవారం పొద్దున కాఫీ ఇస్తూ తేల్చేసింది.

"రానని చెప్పేస్తానండీ. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు. నలుగురికి సరిగ్గా వండలేని దాన్ని, నలభై మందికి ఏం వండుతాను?"

నేను కాఫీ తాగాను.

అదే పొద్దున మా కోడలు ఆఫీసుకు వెళ్తూ బల్ల మీద ఓ అట్టపెట్టె పెట్టింది.

"మామయ్యా, బొగ్గు ఫిల్టరు తెచ్చాను. తీరిక చూసుకుని మారుస్తారా?"

"నాలుగు నెలల కిందటే మార్చాను కదమ్మా! ఆరు నెలలు వస్తుందని దాని మీదే రాసుంది."

"రాసే ఉంటుంది మామయ్యా. కానీ వాసనకి చదువు రాదు కదా!" అంది, చెప్పులు వేసుకుంటూ.

నాకు చుర్రుమంది. మా అబ్బాయి కూడా ఆమధ్య "ఫ్యాను అరుస్తుంది గానీ లాగట్లేదు నాన్నా" అంటే, "కొత్త ఫిల్టరు, కాస్త సర్దుకోవాలి" అని నోరు మూయించాను. ఇప్పుడు కోడలు. సరే, పాతది ఊడదీసి, అది ఎంత బాగుందో సాయంత్రం కోడలి చేతిలోనే పెట్టి చూపిద్దామని రెండున్నరకు స్టూలు ఎక్కాను. మా ఆవిడ పడగ్గదిలో పడుకుని ఉంది.

పైనున్న అలమారలో మైక్రోవేవ్ ప్లగ్గు తీశాను. స్క్రూలు జారి బర్నర్లలో పడకుండా స్టవ్వు మీద పాత దుప్పటి గుడ్డ పరిచాను. మైక్రోవేవ్ తలుపు తెరిచి, జాలీ పై అంచున ఉన్న రెండు స్క్రూలు విప్పి, జాలీని ఎడమకు జరిపి ముందుకు లాగాను. లోపల చెయ్యి పెట్టి ఫిల్టరు బయటికి తీశాను.

దాని మీద పల్చటి ప్లాస్టిక్ కవరు ఉంది. నేనే ఉంచాను.

ఎందుకుంచానో చెప్పాలి. మా లిఫ్టుల పనిలో కొత్త క్యాబిన్ల స్టీలు గోడలకు నీలం రంగు ప్లాస్టిక్ పొర అంటించి వస్తుంది. ఆ బిల్డింగులో ఆఖరి ఇంటివాళ్ళు మంచాలూ బీరువాలూ ఎక్కించుకునేదాకా దాన్ని ఊడబెరకం. ముందే పీకితే మర్నాటికల్లా గోడలనిండా గీతలు, పైవాళ్ళ చేత చీవాట్లు. ఆ అలవాటు నా ఒంట్లో ఇంకిపోయింది. మా టీవీ రిమోటు ఇప్పటికీ కవరులోనే ఉంది. ఫ్రిజ్జు తలుపు మీద పొర ఏడేళ్ళుగా ఉంది. "నన్నొక్కదాన్నే ఎలా వదిలేశారో, ఏ కవరూ దొరకలేదు కాబోలు" అంటుంది మా ఆవిడ. ఫిల్టరు వేసేటప్పుడు కూడా అదే బుద్ధి పనిచేసింది. కవరుంటే నూనె పొగ అంటదు, ఆరు నెలల సరుకు ఏడాది వస్తుంది అనుకున్నాను. నా తెలివికి నేనే మురిసిపోయి ఎవరికీ చెప్పలేదు.

కవరు మీద ఒకవైపు జిగురుగా, గోధుమరంగులో జిడ్డు మరక. లోపలి బొగ్గు కొన్నరోజు ఎలా ఉందో అలాగే ఉంది. అక్కడే స్టూలు మీద నాకు విషయం వెలిగింది. గాలి పోవాల్సిన దారికి నేనే మూత పెట్టాను. దారి లేక పొగ వెనక్కి తిరిగి ఆవిడ ముఖానే కొట్టింది. గోడలకు పట్టింది, కర్టెన్లకు పట్టింది, ఆవిడ జుట్టుకు పట్టింది. నిన్నటి పొగా మొన్నటి పొగా గదిలోనే ఉంటే ఇవాళ్టి ఉల్లిపాయ వాసన ఏ ముక్కుకు తెలుస్తుంది? ఆవిడ మాడు వాసన వస్తోందన్న ప్రతిసారీ నిజంగానే వచ్చింది.

కొత్త ఫిల్టరు కవరు నా చేత్తో నేనే ఊడబెరికాను. ఫిల్టరు లోపల కూర్చోబెట్టాను, జాలీ బిగించాను, ప్లగ్గు పెట్టాను, స్టవ్వు మీది గుడ్డ తీసి పక్కన పడేశాను. ఫ్యాను వేసి కింద ఓ కాగితం ముక్క చూపిస్తే అది ఎగిరి జల్లెడకు అతుక్కుంది. పాత ఫిల్టరును అట్టపెట్టెలో దాచాను. జిడ్డు కవరును మడిచి చొక్కా జేబులో దోపుకున్నాను. ఎవరికీ చెప్పక్కర్లేదు, పని అయిపోయింది అనుకున్నాను. తేలు కుట్టిన దొంగకు అంతకన్నా ఏం తోస్తుంది?

మూడున్నరకు మా ఆవిడ లేచి వచ్చింది.

"మార్చారా?"

"మార్చాను. పాతది అరిగిపోయింది. ఏదీ, ఓ ఉల్లిపాయ వేయించి చూడు."

"ఇప్పుడెందుకండీ?"

"నా కోసం వేయించు."

తరిగి మూకుట్లో వేసింది. పొగ తాడులా నిటారుగా పైకి పోయింది. కాసేపటికి ఆవిడ కళ్ళు సగం మూసుకుంది, గాలి పీల్చింది, గరిటె జోలికి పోకుండా స్టవ్వు కట్టేసింది. ఉల్లిముక్కలు బంగారు రంగులో ఉన్నాయి. నాకు గుండె తేలికపడింది.

ఆవిడ చేతులు కడుక్కుని ఫోను తీసుకుంది.

"ఏం చెప్తావు?" అన్నాను.

"ఏముంది, రానని చెప్తాను. అది చేసేదాకా ఎందుకు, నేనే చేస్తాను."

"ఇంత బాగా వేగాక కూడానా?"

"ఒక్క ఉల్లిపాయ వేగితే ముక్కు తిరిగొచ్చినట్టా? నేను అన్నీ ఆలోచించానండీ. ఆ వాసన మీరు ఫిల్టరు మార్చిన వారమే మొదలైంది. అప్పుడది కొత్తది. మీరు బిగించింది. అందులో లోపం ఉండదు. ఇక మిగిలింది నేనే కదా?"

అరిగిపోయిందని నేను చెప్పిన అబద్ధం ఆవిడకు ఏ మాత్రం పనికి రాలేదు. ఆవిడ నంబరు వెతుకుతోంది. "అది కాదోయ్... అంటే ఒక్కోసారి..." అని నీళ్ళు నమిలాను. ఆవిడ చెవి దగ్గరికి ఫోను వెళ్తుంటే చెయ్యి పట్టుకుని ఆపాను. జేబులోంచి కవరు తీసి బల్ల మీద పెట్టాను.

"ఏమిటిది?"

"ఫిల్టరు మీది కవరు. నాలుగు నెలలూ దాని మీదే ఉంది. పాడవకుండా ఉంటుందని నేనే తీయలేదు. గాలి అసలు పోనే లేదు. పాతది అరగలేదు, అట్టపెట్టెలో ఉంది చూడు, కొత్తదానిలా ఉంది. నీ ముక్కు ఒక్కరోజు కూడా తప్పలేదు. తప్పు చేసింది నేను."

ఆవిడ కవరు విప్పి వెలుగుకు ఎత్తి చూసింది. తర్వాత, తన అలవాటు ప్రకారం, వాసన చూసింది. "ఇదే వాసన" అంది. నేను తిట్ల కోసం సిద్ధంగా నిలబడ్డాను. తిడితే నేనూ ఏదో ఒకటి అనేసి బయటపడేవాణ్ణి. ఆవిడ కుర్చీ లాక్కుని కూర్చుంది.

"నా ముక్కును అనుమానించాను. నా చేతిని అనుమానించాను. ఇదేదో జబ్బేమో, పెద్ద డాక్టరుకు చూపించుకోవాలేమోనని మీకు చెప్పకుండా ఏడ్చాను కూడా. మీరు బిగించిన దాన్ని అనుమానించాలని మాత్రం ఒక్కసారి కూడా తట్టలేదండీ."

నేను బాగుచేసిన లిఫ్టుల్ని నా తర్వాత ఇద్దరు వచ్చి పరీక్ష చేసి గానీ జనాన్ని ఎక్కనిచ్చేవాళ్ళు కాదు. ఈవిడ ఏ పరీక్షా పెట్టకుండా నాలుగు నెలలు తనను తాను శిక్షించుకుంది. నాకు సిగ్గేసింది. క్షమించమని అడిగే అలవాటు మా ఇద్దరి మధ్యా లేదు. అయినా అడిగాను.

నాలుగింటికి ఫోను మోగింది.

"వస్తాను" అంది మా ఆవిడ, ఎత్తుతూనే. అటునుంచి మరదలు పెట్టిన కేక నాకు స్టవ్వు దగ్గరికి వినిపించింది. ఆ తర్వాత మాటలూ వినిపించాయి. "మరి మొన్న ముక్కు పనిచేయట్లేదన్నావు కదక్కా!"

మా ఆవిడ నా వైపు చూసింది. నేను స్టవ్వు పక్కన పడేసిన గుడ్డ తీసి దులుపుతున్నాను.

"ముక్కుకేమే, భేషుగ్గా ఉంది. మా వంటగదిలో కొన్నాళ్ళు గాలి ఆడలేదు. మీ బావగారు చూసి బాగుచేశారు."

"బావగారుండగా నీకేం లోటక్కా" అంది మరదలు.

నేను తల ఎత్తలేకపోయాను. దులిపిన గుడ్డనే మళ్ళీ మడత పెట్టాను.

"అవును" అంది మా ఆవిడ.