తాడంత ప్రయాణం

నేను ఒక పడవనండి, ఇద్దరు పట్టేంత చిన్న పడవని. కోనసీమలో కాలవగట్టున, మోటార్లకి వైండింగ్ చేసుకునే త్రిమూర్తులు పెరట్లో పుట్టాను. పడవలు కట్టేవాళ్ళ చేతుల్లో పుట్టుంటే నాకీ బెంగే ఉండేది కాదు. ఈయన ఫోన్‌లో వీడియోలు చూసి నన్ను కట్టాడు. నా అడుగంతా పాత ఇంటి తలుపులు. ఒక పలకకి గడియ పెట్టిన బెజ్జం కూడా ఉంటే, దాంట్లో చెక్కముక్క దిగ్గొట్టి మూశాడు. ఆ బెజ్జం తలుచుకుంటేనే నాకు వణుకు.

మనిషి మాత్రం బంగారం. వాన చినుకు పడితే చాలు, తినే అన్నం వదిలేసి పరిగెత్తుకొచ్చి టార్పాలిన్ కప్పేవాడు. ఎండాకాలాలన్నీ రేకుల కిందే గడిచాయి. నీళ్ళలో బతకాల్సినదాన్ని నీటిబొట్టు తగలకుండా పెంచాడు మహానుభావుడు! నా చెక్కలు ఎండి ఎండి ఒకదానికొకటి ఎడమయ్యాయి. సందుల్లో కొబ్బరిపీచు కూరి, పైన నీలం రంగేసి మురిసిపోయాడు. దించగానే మునుగుతానని నాకు తెలుసు. పైగా ఆయనకి ఈత రాదు.

ఆయన భార్య వీరవేణి గోదావరి లంకలో పుట్టింది. పుట్టింట్లో పడవలుండేవి. తమ్ముడు పడవ మీద వెళ్ళి తిరిగి రాలేదు. అప్పట్నుంచీ ఆవిడ పడవెక్కడం కాదు కదా, కాలవలో కాలు కూడా పెట్టలేదు.

"ఈత రాని మనిషికి పడవెందుకండీ?" అందోసారి.

"ఈత రానోడికే కదే పడవ! వచ్చినోడు ఈదుకుంటూ పోతాడు," అన్నాడు.

నవ్వొచ్చే మాటే. ఆవిడ నవ్వలేదు, నాకూ నవ్వు రాలేదు.

ఆదివారం దించుతున్నానని వీధంతా చెప్పేశాడు. ముందురోజు నన్ను రేవుకి చేర్చి, దుంగల మీద నిలబెట్టాడు. ఆవిడ చెప్తూనే ఉంది. "కొత్త పడవని ముందు ముంచి నానబెట్టాలండీ. చెక్క ఉబ్బితేనే సందులు మూసుకుంటాయి. మా నాన్న అలాగే చేసేవాడు."

"ఇంత కష్టపడి కట్టినదాన్ని ముంచమంటావేంటే! నీ నోట్లోంచి శుభమా అని ఒక్క మాట రాదు కదా!"

ఆదివారం తెల్లారుజామున ఆవిడ ఒక్కతే వచ్చింది. నా తాడు రాటకి కట్టి, నాలో బండరాళ్ళు పెట్టి, నీళ్ళలోకి నెట్టింది. కాలు తడవకుండా మెట్టు మీద నిలబడి బిందెతో నీళ్ళు పోయడం మొదలెట్టింది. అమ్మో, నా పైప్రాణాలు పైనే పోయాయి!

"మునుగు తల్లీ, ఇప్పుడే మునుగు. ఆయనెక్కాక మాత్రం మునగొద్దు," అంటూ ఏడుస్తూ పోసింది. మునిగాను.

కొబ్బరికాయతో వచ్చిన త్రిమూర్తులుకి నీళ్ళలోకి దిగిన తాడొక్కటే కనిపించింది. వీధంతా చూస్తుండగా తలొంచుకుని వెళ్ళిపోయాడు. ఆ తర్వాత ఆవిడతో మాటల్లేవని, పెట్టింది తిని లేచిపోతున్నాడని, రేవులో బట్టలుతికే ఆడవాళ్ళు చెప్పుకుంటుంటే విన్నాను. పాపం, నా మూలంగానే కదా అని కుమిలిపోయాను. అడుగున నా చెక్కలు మాత్రం ఉబ్బి ఒకదాన్నొకటి గట్టిగా పట్టుకున్నాయి.

కోపం తగ్గాక నలుగురి సాయంతో నన్ను పైకి లాగించి, నీళ్ళు తోడించి, మళ్ళీ దించాడు. లోపల అరచేత్తో తడిమాడు. ఎక్కడా చుక్క ఊరలేదు. గడియ బెజ్జం దగ్గరా లేదు. మెట్ల మీదున్న పెళ్ళాం వైపు చూడ్డానికి ఆయనకి మొహం చెల్లలేదు.

"ఎక్కవే వేణీ," అన్నాడు.

"నా వల్ల కాదండీ. మీరెళ్ళండి. తాడు మటుకు నా చేతిలోనే ఉంటుంది."

అంతే, తాడెంత పొడుగో మా ప్రయాణం అంత. ఆయన గెడకర్ర వేసి నన్ను నెడతాడు, ఆవిడ మెట్ల మీద తాడు పట్టుకుని కూర్చుంటుంది. తాడు బిగిసిన చోట వెనక్కి తిరుగుతాం. ఊరు నవ్వుకుంటుంది. నాకైతే ఆ తాడు బిగిస్తేనే ధైర్యం.

మొన్న తాడు బిగిసినా ఆయన అవతలి గట్టుకేసి చూస్తూ నిలబడిపోయాడు. ఇవాళ పొద్దున ఆవిడ పాత చీర మెలిపెట్టి తాడు చివర ముడేసింది. లాగి చూసింది. మళ్ళీ లాగి చూసింది. బయల్దేరాం.

కాలవ మధ్య దాటేసరికి నాకు ఒకటే దడ. అవతలి గట్టు ఇంకా మూరెడు దూరం ఉండగా చీర బిగిసింది. ఆయన గెడ ఆపి వెనక్కి చూశాడు.

ఆవిడ మెట్ల మీద లేదు. చీర కొస పిడికిట్లో బిగించి, మోకాలి లోతు నీళ్ళలో నిలబడి ఉంది. కళ్ళు గట్టిగా మూసుకుని ఇంకో అడుగు ముందుకేసింది.

నా మూతి గట్టుకి తగిలింది.