రంపం వణుకు

కోతమేస్త్రికి చొక్కా గుండీలు పెట్టుకోవడం చేతకావడం లేదు. ఈ సంగతి అతనికి తెలుసు, భార్యకు తెలుసు, మూడో మనిషికి తెలియకూడదని ఇద్దరికీ తెలుసు. రోజూ పొద్దున ఆవిడ ఎదురుగా నిలబడి, కాలరు మీద మరకేదో చూస్తున్నట్టు నటిస్తూ గుండీలు పెట్టేది. ఆ కాసేపూ అతను పైకప్పు చూస్తూ నీళ్ల మోటారు గురించి మాట్లాడేవాడు. నిజానికి ఆ ఇంట్లో నీళ్ల మోటారు గురించి అంతగా మాట్లాడుకోవలసిందేమీ లేదు.

అతని పని చెట్లు కొట్టడం. అడవిలో కాదు, ఇళ్ల మధ్య. అక్కడ చెట్టును మొదలంటా నరికి పడేస్తే ఎవరి ఇల్లో కూలుతుంది. కాబట్టి ఒకడు నడుముకు తాడు బిగించుకుని, మిషను రంపం తీసుకుని పైకెక్కి, కొమ్మ తర్వాత కొమ్మ కోస్తాడు. ఆ తాడు రెండో కొస పట్టుకుని ఇంకొకడు కింద నిలబడతాడు. పైవాడు కాలు జారితే ఆపేది ఆ కిందవాడి చేతులే. అందుకే ఈ పనిలో ఉన్నవాళ్లు తాడు పరాయివాడికివ్వరు. తను పోతే నిజంగా ఏడ్చేవాడెవడో చూసుకుని వాడికిస్తారు. మేస్త్రి తన తాడు భార్య తమ్ముడికిచ్చాడు. నన్ను జారవిడిచావంటే మీ అక్క నీ పీక నొక్కేస్తుందిరా, నాకు ఆ ధైర్యం చాలు, అని ఆటపట్టించేవాడు. బావమరిది నవ్వేవాడు గానీ తాడు మీంచి చూపు మరల్చేవాడు కాదు.

రంపం మేస్త్రి పెళ్లినాటిది. అలాంటి రంపాల్లో ఇంజనుకూ పిడికీ మధ్య రబ్బరు బుష్‌లుంటాయి. ఇంజను ఎంత ఎగిరిపడినా ఆ వణుకు చేతిదాకా రాకుండా మింగేసేవి అవే. ఈ రంపంలో అవి ఏనాడో పొడిపొడై రాలిపోయాయి. అప్పట్నుంచీ ఇనుముతో ఇనుము కొట్టుకుంటూనే ఉంది, ఆ వణుకంతా మేస్త్రి వేళ్లలోకే దిగుతూ ఉంది. మొదట తిమ్మిరి. తర్వాత చలిపొద్దుల్లో వేళ్లు సున్నం పూసినట్టు తెల్లబడటం. ఆ తర్వాత ఏమీ లేదు. ఏమీ లేకపోవడమే హాయిగా ఉందని కొన్నాళ్లు సంతోషించాడు కూడా, పిచ్చిమారాజు.

కోతలో అసలు విద్య చివర్లో ఉంటుంది. కొమ్మ లోపల ఇంకా ఎంత పట్టు మిగిలిందో కంటికి కనపడదు. పిడి పట్టుకున్న చేతికి తెలియాలి, తెలిసి ఆగాలి. ఒకప్పుడు మేస్త్రి కొమ్మను గోడకూ గుమ్మానికీ మధ్య, పసిపిల్లను పక్క మీద పడుకోబెట్టినంత నెమ్మదిగా దించేవాడు. పోయిన వానల్లో మాత్రం ఒక కొమ్మ ఇంకా పట్టు ఉందనుకుంటుండగానే ఫెళ్లున విరిగి, ఒక్క ఊపు ఊగి, కిందనున్న బావమరిది చెవి పక్కనుంచి పోయి ప్రహరీ గోడను కూల్చింది. మేస్త్రికి పైప్రాణాలు పైనే పోయాయి. దిగీ దిగగానే కొమ్మ లోపల పుచ్చిందని చెప్పాడు. బావమరిది ఆ కొమ్మను ముక్కలు కొట్టి బండికెక్కించాడు. ఎక్కడా పుచ్చు లేదు. మేస్త్రి ఆ మాట మళ్లీ ఎత్తలేదు.

భార్య పోరు పడలేక డాక్టరు దగ్గరికి వెళ్లాడు. డాక్టరమ్మ కళ్లు మూసుకోమని, ఏ వేలు ముట్టుకున్నానో చెప్పమంది. మేస్త్రి నోటికొచ్చిన వేలు చెప్పుకుంటూ పోయాడు. కళ్లు తెరిచేసరికి ఆవిడ సూది పక్కన పెట్టేస్తోంది. ముట్టుకోవడం కాదు, గుచ్చుతోందన్నమాట. ఇది రంపం వణుకు వల్ల వచ్చిందనీ, ఇవాళే రంపం వదిలేస్తే మిగిలింది నిలుస్తుందనీ, పోయింది మాత్రం తిరిగి రాకపోవచ్చనీ ఆవిడ విడమరిచి చెప్పింది. ఇంటికొచ్చి మేస్త్రి, వణుకు వల్లేనట, అని మాత్రం చెప్పాడు. మిగతాది నమిలి మింగేశాడు.

భార్య మాటకారి కాదు గానీ, అన్నదంటే దానికి తిరుగుండదు. మూతపడ్డ మిల్లు ఆవరణలో పెద్ద చెట్లు కొట్టే పని కొద్ది రోజుల్లో మొదలవుతుంది. ఆలోగా రంపం వణుకు పోవాలి, లేదా రంపం తమ్ముడి చేతికి పోవాలి, రెంటిలో ఏదో ఒకటి తేల్చుకోమంది. అంటే, ఆ చిన్న రబ్బరు ముక్కలు దొరికితే మేస్త్రి మేస్త్రిగా ఉంటాడు, దొరక్కపోతే ఉండడు. ఉండకపోతే ఇంకేమై ఉంటాడో అతనికి ఊహకందలేదు. కొత్త రంపం కొనుక్కోవచ్చుగా అంది ఆవిడ. ఇన్నేళ్లు కాపురం చేసినదాన్ని ఈ వయసులో విడాకులిచ్చెయ్యమంటావా అన్నాడు. నువ్వు కాపురం చేసింది దానితోనా నాతోనా, అది కూడా తేల్చి చెప్పమంది ఆవిడ. ఇద్దరూ నవ్వుకున్నారు. అసలు కారణం మేస్త్రి చెప్పలేదు. కొత్త రంపం వణకదు. దాన్ని పట్టుకున్నాక కూడా వేళ్లు మొద్దులా ఉంటే, ఇక నెపం వెయ్యడానికి ఎవరూ మిగలరు.

బుష్‌ల కోసం కాళ్లరిగేలా తిరిగాడు. రిపేరు షాపతను రంపాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, ఈ మోడల్ కంపెనీ ఆపేసినప్పుడు నాకింకా మీసాలు రాలేదన్నాడు. వేరే మోడల్ బుష్‌లు తెచ్చి పెట్టి చూశాడు. ఒకటి వదులు, ఒకటి అసలు దూరదు. ట్యూబు ముక్కలు కోసి కుక్కమంటావా అనడిగాడు. మేస్త్రి రంపం సంచిలో పెట్టుకుని లేచాడు. పాత ఇనుప సామాన్ల దొడ్లో సరిగ్గా అదే మోడల్ రంపాలు రెండు, ఎరుపు రంగు వెలిసిపోయి, డొక్కు కూలర్ల కింద పడున్నాయి. ఎండలో ఒళ్లు హూనం చేసుకుని విప్పాడు. వాటిలో కూడా బుష్‌లు పొడే. ఆ రంపాలు వాడినవాళ్ల చేతులు ఇప్పుడెలా ఉన్నాయో అన్న ఆలోచన వచ్చింది. వెంటనే దాన్ని తోసేసి చేతులు దులుపుకున్నాడు.

ఉసూరుమంటూ వెళ్తుంటే దొడ్డివాడే ఒక దారి చెప్పాడు. పాత బస్సుల షెడ్డు వెనక ఒకాయన అప్పట్లో ఆ కంపెనీ సామాను అమ్మేవాడు, ఆయన పోయాడు గానీ కోడలు కొట్టు నడుపుతోందన్నాడు. మర్నాడు బావమరిదిని వెంటబెట్టుకుని వెళ్లాడు. కొట్టునిండా ప్లాస్టిక్ బకెట్లు, చీపుర్లు, డోర్‌మ్యాట్లు. కోడలు ఓపిగ్గా విని, మామగారి సామాను ఏదో అటక మీద ఉంది, పారెయ్యడానికి మనసొప్పక ఉంచాను, మీరే చూసుకోండంది.

నిచ్చెన కింద బావమరిది పట్టుకున్నాడు. మేస్త్రి అటకెక్కాడు. రేకుల కింద వేడికి ఊపిరాడడం లేదు. బూజు చేత్తో తీసుకుంటూ ఒక్కో అట్టపెట్టె దగ్గరకు లాక్కున్నాడు. స్ప్రింగులు, ప్లగ్గులు, గొలుసులు. అట్టడుగు పెట్టెలో, కంపెనీ ముద్ర చెదరని కవర్లలో బుష్‌లు. ఆ క్షణంలో మేస్త్రికి కళ్ల నీళ్లు తిరిగాయి, దుమ్ముకు కాదు. కవరు పళ్లతో చించాడు, వేళ్లతో చించడం మానేసి చాలా కాలమైంది. ఒక బుష్ బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పెట్టి నొక్కాడు. రబ్బరు సామాను ఏదైనా పనివాళ్లు ముందు చేసే పని అదే. మెత్తగా అణిగింది. ఇంకొకటి నొక్కాడు. అదీ అణిగింది.

దిగి వచ్చాక కోడలు, అవి మా పెళ్లికి ముందునుంచీ ఉన్నాయి, పనికొస్తాయంటారా అని అడిగింది. కవర్లో ఉన్న రబ్బరు చెడదమ్మా, అన్నాడు మేస్త్రి, తెలిసినవాడి ధీమాతో. బావమరిది చెయ్యి చాచాడు, చూద్దామని. మేస్త్రి నేను చూశాలేరా అని కవర్లు జేబులో వేసుకున్నాడు. ఇలాంటి విషయంలో బావ చూశాక తను మళ్లీ చూడటం మర్యాద కాదని వాడు చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

సాయంత్రం బావమరిది వస్తానన్న వేళకు ముందే మేస్త్రి పెరట్లో గోనె పరుచుకుని పని మొదలుపెట్టాడు. మరలు వేళ్లలోంచి జారి పడుతుంటే వెతుక్కుని మళ్లీ పెట్టుకున్నాడు. భార్య గుమ్మంలో బియ్యం ఏరుతూ కూర్చుంది. ఒక మర దొర్లి ఆవిడ కాళ్ల దగ్గరికి వస్తే తిరిగి దొర్లించింది. బుష్‌లన్నీ బిగించాక చేతిలో ఒకటి మిగిలింది. దాన్ని గోనె మీద పెట్టి, రంపం స్టార్టు తాడు లాగాడు. రెండు లాగులకు రంపం అందుకుంది.

ఇనుము గలగల లేదు. చెవికి ఇంజను మోత ఒక్కటే వినిపిస్తోంది. చేతులకు ఏమీ తెలియడం లేదు, అరచేతిలో నిద్రపోయిన పిల్లిని పెట్టుకున్నట్టుంది. మేస్త్రి రెండు చేతులా పిడి బిగించి పట్టుకుని పెద్దగా నవ్వాడు. ఇన్నేళ్ల జబ్బు ఒక పూటలో వదిలిపోయింది. డాక్టరమ్మ ఏం చెప్పింది, ఆవిడ ఎప్పుడైనా రంపం పట్టుకుందా. మిల్లు చెట్లు వరసగా కళ్లముందు కదిలాయి. భార్య చాటలోంచి తలెత్తి చూసి, ఆ నవ్వు చూసి తనూ నవ్వింది. ఆవిడ అలా నవ్వి ఎన్నాళ్లయిందో.

బావమరిది పెరటి తలుపు తోసుకుని వచ్చాడు. మేస్త్రి రంపం ఆపకుండానే వాడి చేతిలో పెట్టాడు.

"పట్టుకుని చూడరా. వణుకు ఉందేమో చెప్పు."

బావమరిది పిడి పట్టుకున్నాడు. ఇంజను మోత ఒకసారి పెంచాడు, తగ్గించాడు. వాడి దవడ బిగుసుకుంది. మేస్త్రి ముఖంలోకి చూశాడు, ఆ ముఖంలో ఉన్నదంతా చూశాడు.

"తగ్గింది బావా. బాగా తగ్గింది."

రంపం ఆపి కింద పెట్టాడు. పెట్టి, రెండు అరచేతులూ ప్యాంటుకేసి గట్టిగా రుద్దుకున్నాడు. అలా ఎందుకు రుద్దుకుంటారో మేస్త్రికి ఒకరు చెప్పక్కర్లేదు. చేతుల్లో చీమలు పాకుతున్నప్పుడు రుద్దుకుంటారు. తనూ తిమ్మిరి తెలిసినన్నాళ్లూ అలాగే రుద్దుకున్నాడు.

నవ్వు ముఖం మీదే ఉండిపోయింది. వంగి గోనె మీది బుష్ తీసుకుని వేళ్ల మధ్య నొక్కాడు. అణిగింది. ఈసారి కళ్లు దగ్గరగా పెట్టి చూశాడు. అణుగుతున్నది రబ్బరు కాదు, బొటనవేలి కండ. ఆ నల్లటి అంచు కండలోకి దిగుతోంది, రవ్వంత నొప్పి కూడా లేదు. బుష్ తీసి పళ్ల మధ్య పెట్టుకుని కొరికాడు. రాయి. అటక మీద రేకుల వేడికి ఏళ్ల తరబడి కాలి రాయయిపోయింది. పంటికి క్షణంలో తెలిసింది.

భార్య చాట పక్కన పెట్టింది. తమ్ముడు నేల చూస్తున్నాడు, అబద్ధం చెప్పినందుకు కాదు, అది నిలబడనందుకు. మేస్త్రికి వాడి మీద కోపం రాలేదు. తన మీద జాలి వేసింది, దాన్ని దిగమింగాడు. ఎలాగూ తేలిపోయింది కదా. పైకి ఎక్కకపోతే ఎక్కకపోయాడు, పని అక్కడితో అయిపోదుగా. ఆ ఆలోచన రాగానే కాస్త నిబ్బరం వచ్చింది. రంపాన్ని కాలితో బావమరిది వైపు జరిపాడు.

"మిల్లు చెట్లు నువ్వెక్కు. తాడు నేను పడతాను."

ఈ మాటకు బావమరిది నుంచి సరేనన్న సమాధానం వెంటనే వస్తుందనుకున్నాడు. రాలేదు. ఇందాక రంపం విషయంలో తడుముకోకుండా అబద్ధమాడినవాడు ఇప్పుడు బావ చేతులకేసి చూస్తూ నిలబడ్డాడు. వాడికి ఇంట్లో ఇద్దరు చిన్నపిల్లలు.

"తాడుకి మా తోడల్లుణ్ణి రమ్మన్నాను బావా."

"ఎప్పుడు?"

"ఆ కొమ్మ పడ్డ వారమే చెప్పి ఉంచాను. నువ్వు ఎక్కినన్నాళ్లూ నీ తాడు నేనే పడదామనుకున్నాను. నేను ఎక్కాల్సొస్తే మాత్రం..."

మేస్త్రి భార్యకేసి తిరిగాడు, తమ్ముణ్ణి కోప్పడుతుందని. ఆవిడ ముఖంలో ఆశ్చర్యం లేదు. ఆవిడకూ తెలుసు.