మూత విప్పే ముందు

పంపు ఆపాలి. లోపలికి వచ్చే వాల్వు మూయాలి. మిగిలిన రసాన్ని గాలితో తోసి, గాలి వాల్వు కట్టేయాలి. బయటికి పోయే వాల్వు మూయాలి. గేజ్ ముల్లు సున్నా మీద ఉందో లేదో చూడాలి. మూత బోల్టులు విప్పాలి. సంచి మార్చాలి.

దియెమ్ రాసిన కాగితంలో ఉన్న పనులు ఈ ఏడే. కాగితానికి ప్లాస్టిక్ తొడుగు వేయించి, తనే ఫిల్టర్ పక్కన గోడకు అంటించింది. నిజానికి ఎనిమిదోది ఒకటి ఉండాలి. దాన్నీ తనే తీసేసింది.

సముద్రపు ఒడ్డునున్న ఫాన్ థియెత్ ఊళ్ళో నెత్తళ్ళ రసం తీసే కార్ఖానా అది. చెక్క తొట్లలో ఏడాది పాటు ఉప్పులో ఊరిన నెత్తళ్ళ నుంచి దిగిన రసం, సీసాల్లోకి పోయే ముందు ఒక స్టీలు ఫిల్టర్ హౌసింగ్‌లోంచి పోతుంది. మనిషి నడుమెత్తు ఉంటుంది. లోపల గుడ్డ సంచి, పైన మూడు బోల్టుల మూత. పనివాళ్ళు దాన్ని బాన అంటారు.

పాత బానకు ఉప్పు తిని చిల్లులు పడ్డప్పుడు, కొత్తది ఎంచే పని మేనేజర్ ఖాయ్ దియెమ్‌కు అప్పగించాడు. పడవల మీద వలలు లాగే వాళ్ళ ఇంట్లో కాలేజీ గడప తొక్కిన మొదటి మనిషి ఆమె. అప్పగించిన పనిని పరీక్షకు చదివినట్టు చదివింది. ఉప్పును తట్టుకునే రకం స్టీలు చూసింది. ఉబ్బిపోని రబ్బరు రింగు అడిగింది. సంచి పక్కనుంచి వడకట్టని రసం జారిపోకుండా అంచు గట్టిగా కూర్చుంటుందా అని కొలతలు తెప్పించుకుంది. లోపలి ఒత్తిడి చూపే గేజ్ ఒక్కదాని దగ్గర తొందరపడింది. లోపలికి ఉప్పు దూరకుండా పొర అడ్డం ఉన్న గేజ్ రావడానికి ఆరు వారాలు పడుతుందన్నారు. మామూలుది బానతో పాటే వచ్చింది. కొత్త సంవత్సరపు తెత్ పండగ ముంచుకొస్తోంది, సరుకు పోవాలి. తర్వాత మార్చుకోవచ్చులే అనుకుంది.

బాన దగ్గర పని ఏడో బాబాయిది. ఇంట్లో పుట్టిన వరసను బట్టి వచ్చిన పిలుపు అది. కార్ఖానాలో చాలామందికి ఆయన అసలు పేరు తెలియదు. ముప్పై ఎనిమిదేళ్ళుగా అక్కడే ఉన్నాడు. కొత్త గేజ్‌ను వేలితో తట్టి చూశాడు.

"దీని మెడ చూడమ్మా, చీపురు పుల్లంత ఉంది. రసం ఎండిందంటే ఉప్పు గడ్డకట్టి కూర్చుంటుంది. ఆ తర్వాత నువ్వేమడిగినా ఈ ముల్లు సున్నా అనే చెబుతుంది."

"తెలుసు బాబాయి. మార్పిస్తాను."

ఆయన పద్ధతి వేరు. మూత విప్పే ముందు పైనున్న చిన్న కుళాయి తిప్పి, బుసబుసమంటూ గాలి పోయేదాకా నిలబడేవాడు. గాలితో పాటు చిమ్మే రసం చుక్కలుగా మారి, ఆ చుక్కలు కూడా ఆగాక, చివరి చుక్కను వేలి మీద పట్టి నాలుకకు రాసుకునేవాడు. "నోరు మూసుకుంది" అనేవాడు. అప్పుడే బోల్టు మీద చెయ్యి వేసేవాడు. సంచి మార్చిన ప్రతిసారీ దీనికి పది నిమిషాలు పోయేది.

సీసాల దగ్గర ఆడవాళ్ళు ఊరుకునేవాళ్ళు కాదు. "ఏడో బాబాయి మళ్ళీ బానకు ముద్దు పెడుతున్నాడే. పిన్నికి చెప్పండి ఎవరైనా."

"మీ పిన్నే నేర్పింది" అనేవాడాయన.

ఆ పది నిమిషాలనే దియెమ్ కాగితంలోంచి తీసేసింది. గేజ్ ఉండగా నాలుకెందుకు అనుకుంది. పని తొందరగా అయితే ఖాయ్ మెచ్చుకుంటాడనీ అనుకుంది.

తెత్‌కు తొమ్మిది రోజులు కార్ఖానా మూసేశారు. తెరిచిన రోజు మధ్యాహ్నానికి సీసాల్లోకి రసం సన్నగా రావడం మొదలైంది. సంచి పూడుకుపోయిందన్నమాట. ఏడో బాబాయి పంపు ఆపి, దియెమ్‌ను పిలిచాడు.

"ముల్లు పొద్దున్నుంచీ కదల్లేదమ్మా. పంపు నడుస్తున్నప్పుడూ సున్నాయే, ఇప్పుడూ సున్నాయే. నేను కుళాయి తిప్పుతా."

సీసాల దగ్గర అందరూ చేతులు ఆపి చూస్తున్నారు. లారీ వాకిట్లో నిలబడి ఉంది. నలుగురిలో తన కాగితం చిన్నబోతుందనిపించింది దియెమ్‌కు.

"పొద్దున కొత్త సంచి కాబట్టి ఒత్తిడి తక్కువ, ఇప్పుడు పంపు ఆగింది కాబట్టి సున్నా బాబాయి. కాగితంలో ఉన్నట్టు చేయండి."

ఆయన ఆమె ముఖంలోకి ఒక్క క్షణం చూశాడు. "చదువుకున్న పిల్లవు. నీ మాటే కానీ" అని కాగితంలోని వరసలోనే గాలితో రసం తోసి, వాల్వులు మూసి, బోల్టులు విప్పాడు. రెండోది వదులయ్యేసరికి లోపల చిక్కుకున్న గాలికి మూత ఎగిరి, వంగి ఉన్న ఆయన ముఖానికి తగిలింది.

ఎడమ కన్ను పోయింది.

మూడో రోజున ఖాయ్ ఆమెను తన గదికి పిలిచి తలుపు వేశాడు.

"గురువారం తనిఖీ ఆఫీసరు వస్తున్నాడు. నీ కాగితంలో ఆ కుళాయి లైను చేర్చి, పాత తేదీతోనే మళ్ళీ అచ్చు తియ్యి."

"అన్నా, అది ముందు లేదు కదా."

"లేదని నాకూ తెలుసు. లేదని తేలితే నీ ఉద్యోగం పోతుంది, నా కుర్చీ కూడా. ముసలాయన ఎలాగూ మరి పనిలోకి రాడు. ఆయన మర్చిపోయాడంటే ఎవరికీ నష్టం లేదు."

దియెమ్ అచ్చు తీసింది. తీస్తున్నంతసేపూ పడవ దగ్గర నాన్న చేతులు గుర్తొచ్చాయి. ఆ చేతులు పడ్డ కష్టంతోనే కదా ఈ ఉద్యోగం వచ్చింది అని తనకు తాను చెప్పుకుంది. గోడ మీది పాత కాగితం ఊడదీసి తన చేతిసంచిలో దాచుకుంది. పారేయడానికి మాత్రం చెయ్యి రాలేదు.

బుధవారం సాయంత్రం ఆయన ఇంటికి వెళ్ళింది. ఏడో పిన్ని జావ కాస్తోంది. ఆయన తాళ్ళ ఊయలలో కంటికి కట్టుతో కూర్చుని ఉన్నాడు.

"రామ్మా. ఒంటి కన్నుకు నువ్వు ఇంకా సన్నగా కనిపిస్తున్నావు. తింటున్నావా?"

దియెమ్ నవ్వలేకపోయింది.

"ఖాయ్ వచ్చి కాగితం చూపించాడు" అన్నాడాయన. "అక్షరం అక్షరం కూడబలుక్కుని చదివా. కుళాయి లైను ఉంది. మరి ఆ రోజు నాకెందుకు కనబడలేదో. నీతో ఏదో అన్నట్టు, నువ్వేదో చెప్పినట్టు గుర్తు. అదంతా నా తలలో అల్లుకున్నదేమో. అన్నేళ్ళు మరవనిది ఒక్కసారి మరిచా."

"నిన్న రాత్రి పొయ్యి ఆర్పానో లేదోనని మూడుసార్లు లేచి చూశాడు" అంది పిన్ని, గరిటె తిప్పుతూనే. "ఎప్పుడూ లేదు అలా."

"కన్ను పోతే పోయింది" అన్నాడు ఏడో బాబాయి. "నా బుర్రను నేను నమ్మలేకపోతే ఎలా బతకాలమ్మా?"

ఆయన కోప్పడతాడేమోనని దారంతా భయపడుతూ వచ్చింది దియెమ్. ఆయన తనను తానే అనుమానించుకుంటాడని మాత్రం అనుకోలేదు. కన్ను తీసింది గేజ్. మిగిలిన దాన్ని తన చేతులతో తనే తీసింది.

చేతిసంచిలోంచి పాత కాగితం తీసి ఆయన ఒళ్ళో పెట్టింది.

"మీరేం మరవలేదు బాబాయి. ఆ రోజు గోడ మీదున్నది ఇది. ఏడు లైన్లే. ఖాయ్ అన్న చూపించింది సోమవారం నేను అచ్చు తీసింది. ముల్లు కదల్లేదని మీరు చెప్పారు. కుళాయి తిప్పుతానన్నారు. వద్దన్నది నేను."

ఆయన లైన్ల మీద వేలు పెట్టి లెక్కపెట్టాడు. రెండోసారీ లెక్కపెట్టాడు. పిన్ని జావ గిన్నె తెచ్చి ఆయన ముందు పెట్టింది, దియెమ్ ముందు పెట్టలేదు.

"అయితే నా తల బాగానే ఉంది" అన్నాడు చివరికి. అంతే అన్నాడు. క్షమించాననలేదు. ఆమె అడగలేదు కూడా.

గురువారం తనిఖీ ఆఫీసరు ముందు దియెమ్ రెండు కాగితాలూ పెట్టి, ఏది ఎప్పటిదో చెప్పింది. గేజ్ విప్పించింది. మెడ నిండా రాయిలా ఉప్పు బిగుసుకుని ఉంది. ఖాయ్ ఆమె వైపు చూడలేదు. రెండు నెలలు తిరగకుండానే ఆమె ఉద్యోగం పోయింది.

వెళ్ళే ముందు రెండు పనులు చేసింది. పొర ఉన్న గేజ్ వచ్చేదాకా ఉండి, బిగించి, ముల్లు లేచి పడటం కళ్ళారా చూసింది. ఎనిమిది లైన్లతో కొత్త కాగితం రాసి గోడకు అంటించింది. ఎనిమిదో పని బోల్టుల కంటే ముందు ఉంది: పై కుళాయి తిప్పి, చివరి చుక్క ఆగేదాకా నిలబడాలి. కాగితం అడుగున ఇలా రాసింది:

"ఈ పద్ధతి ఇక్కడ ముప్పై ఎనిమిదేళ్ళు పాటించిన మనిషి పేరు హుయిన్ వాన్ లాన్. ఆయన మరవలేదు. మేము వద్దన్నాం. చుక్క ఆగేలోపు ఆయనను ఒక్కసారి గుర్తు చేసుకోండి."